కుటుంబం అంటే ఎవరు? ఎల్‌జీబీటీ వృద్ధుల ఇంటి బెంగ

వయసు మీదపడ్డాక ఇంటి గురించి ఎవరికైనా మూడు సందేహాలు కలుగుతాయి. ఈ ఇంట్లో ఎంతకాలం ఉండనిస్తారు? కాలూ చెయ్యీ ఆడనప్పుడు పక్కన ఎవరుంటారు? ఇద్దరిలో ఒకరు ముందు వెళ్లిపోతే మిగిలినవాళ్ల గతేమిటి? స్వలింగ జంటలుగా బతికిన స్త్రీపురుషులకు, ట్రాన్స్‌జెండర్లకు ఈ మూడింటికీ ముందు ఇంకొకటి అడ్డం వస్తుంది: పక్కనున్న మనిషి తమకు ఏమవుతారని కాగితం మీద రాయాలి? హైదరాబాదులోనో విజయవాడలోనో గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద 'ఫ్యామిలీకి మాత్రమే' అని ఉంటుంది. ఆ మాటకు అర్థమేమిటో రాసినవాళ్లు చెప్పరు, చదివినవాళ్లు అడగరు. మొగుడూ పెళ్లాం, పిల్లలు, మహా అయితే ఒక ముసలి తల్లి. వృద్ధాశ్రమం దరఖాస్తులోనూ, ఆస్పత్రి సంతకాల దగ్గరా, వారసత్వ చట్టంలోనూ నడిచేది ఇదే అర్థం. ఎల్‌జీబీటీ వృద్ధుల నివాస సమస్యను గోడలూ గదులూ కొరతపడిన సమస్యగా చూస్తే సగమే కనబడుతుంది. మిగతా సగం ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ విషయం కోర్టుల దాకా వెళ్లి, వివరంగా నమోదైన దేశం అమెరికా. అక్కడ ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసున్న స్వలింగ ప్రేమికులు ఎలాంటి కాలంలో పెరిగారో తెలిస్తే తప్ప వాళ్ల భయం అర్థం కాదు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీచేసిన 10450వ ఉత్తర్వు ఆధారంగా అలాంటివారిని ఫెడరల్ ఉద్యోగాల్లోంచి ఏరివేశారు. 1973 దాకా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల పట్టికలోనే ఉంచింది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే చట్టాలు చివరికి 13 రాష్ట్రాల్లో మిగిలి ఉండగా, 2003లో లారెన్స్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. అంటే 1940లో పుట్టిన మనిషికి అరవై దాటేదాకా దేశంలో ఎక్కడో ఒకచోట తన సంసారం నేరమే. అలాంటివాళ్లు రుజువులు దాచుకోరు, చెరిపేసుకుంటారు. ఇంటి పత్రంలో ఒక్కరి పేరే రాయించుకున్నారు. ఇరుగుపొరుగుకు 'రూమ్‌మేట్' అని చెప్పుకున్నారు. బతికిన కాలంలో కాపాడిన ఆ జాగ్రత్తే ఒకరు పోయాక రెండోవారి మెడకు చుట్టుకుంది. దానికి తోడు 1980లలో, 90ల మొదట్లో ఎయిడ్స్ వాళ్ల ఈడువాళ్లను పెద్ద సంఖ్యలో తీసుకుపోయింది. పిల్లలు లేనివాళ్లకు ముసలితనంలో ఆసరా కావలసిన స్నేహితుల తరమది.

మాట అర్థం మీదే నేరుగా నడిచిన కేసు న్యూయార్క్‌ది. మిగెల్ బ్రాస్కీ, లెస్లీ బ్లాంచర్డ్ అనే ఇద్దరు పురుషులు 1975 నుంచి మాన్‌హటన్‌లో అద్దె నియంత్రణ కింద ఉన్న ఒక అపార్టుమెంటులో కాపురమున్నారు. అద్దె ఒప్పందం బ్లాంచర్డ్ పేరనే ఉంది. 1986 సెప్టెంబరులో ఆయన చనిపోగానే బ్రాస్కీ ఖాళీ చేయాలని యజమాని నోటీసు ఇచ్చాడు. అద్దెదారు చనిపోతే అతని భార్యనో భర్తనో, అతనితో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులనో వెళ్లగొట్టకూడదని నగర నిబంధన చెబుతోంది. కుటుంబం అంటే ఎవరో మాత్రం చెప్పలేదు. 1989 జులైలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ ఖాళీని పూరించింది. పెళ్లి పత్రమో దత్తత ఉత్తర్వో ఉందా అని కాదు, మనుషులు ఎలా బతికారన్నది చూడమంది. ఎన్నేళ్లు కలిసి ఉన్నారు, డబ్బు ఎలా పంచుకున్నారు, బంధువుల ముందూ లోకం ముందూ ఎలా మెలిగారు, రోజువారీ పనుల్లో ఒకరి మీద ఒకరు ఎంత ఆధారపడ్డారు అన్నవి కొలతలయ్యాయి. నిజానికి ఊళ్లో పెద్దమనుషులు కుటుంబాన్ని ఎప్పుడూ గుర్తుపట్టేది ఇలాగే. ఇంటి అద్దె లాంటి చిన్న విషయం అడ్డంపెట్టుకుని ఇంత పెద్ద మాట చెప్పిన తీర్పులు అరుదు. అయితే అది న్యూయార్క్ అద్దె నిబంధనకు పరిమితమైన తీర్పు. ఊరు మారితే అర్థమూ మారింది.

కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో 2008లో జరిగింది దీనికి పూర్తిగా వేరు. ఇరవై ఏళ్లుగా కలిసి ఉంటున్న ఇద్దరు వృద్ధుల్లో 88 ఏళ్లాయన ఇంటి మెట్ల దగ్గర పడి ఆస్పత్రి పాలయ్యాడు. ఒకరికొకరు అధికార పత్రాలు, వీలునామాలు రాసిపెట్టుకునే ఉన్నారు. అయినా కౌంటీ అధికారులు ఆయన బాధ్యతను తమ చేతుల్లోకి తీసుకున్నారని, రెండో ఆయన్ను వేరే నర్సింగ్ హోమ్‌లో పెట్టి కలవనివ్వలేదని, అద్దె ఇల్లు ఖాళీ చేయించి జీవితకాలపు సామాను వేలం వేశారని దావాలో చెప్పారు. కొద్ది నెలలకే పెద్దాయన పోయాడు. కౌంటీ వాదన వేరే ఉంది. గృహహింస అనుమానంతోనే జోక్యం చేసుకున్నామంది. చివరికి 2010లో ఆరు లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడింది. ఈ కేసు చదివినవాళ్లకు తట్టే సంగతి ఒకటే: కాగితాలు ఉండటం వేరు, ఆ కాగితాలను అవతలివాళ్లు లెక్కపెట్టడం వేరు.

ఇంటికి సొంతదారులైనా గండం తప్పలేదు. న్యూయార్క్‌కు చెందిన ఎడిత్ విండ్సర్, థియా స్పైయర్ 1967లో ఒకరికొకరు మాట ఇచ్చుకుని నలభై ఏళ్ల తర్వాత, 2007లో టొరంటోలో పెళ్లి చేసుకున్నారు. 2009లో స్పైయర్ చనిపోయారు. ఆ పెళ్లిని ఫెడరల్ చట్టం గుర్తించలేదు కాబట్టి స్పైయర్ వదిలివెళ్లిన ఆస్తికి విండ్సర్ పరాయి మనిషి కింద 3,63,053 డాలర్ల పన్ను కట్టవలసి వచ్చింది. స్పైయర్ పురుషుడై ఉంటే అందులో ఒక్క డాలరూ ఉండేది కాదు. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. సరిగ్గా రెండేళ్లకు, అదే తేదీన ఒబర్గఫెల్ తీర్పుతో దేశమంతా పెళ్లి హక్కు వచ్చింది.

పెళ్లి హక్కుతో కథ ముగియలేదు, మొదటి గుమ్మం దాటింది అంతే. మిస్సోరీలో సెయింట్ లూయిస్ దగ్గరున్న ఒక పెద్ద విశ్రాంత నివాసానికి 2016లో ఇద్దరు స్త్రీలు దరఖాస్తు చేశారు. అప్పటికి దాదాపు నాలుగు దశాబ్దాలుగా కలిసి ఉంటున్నారు, 2009లో మసాచుసెట్స్‌లో చట్టబద్ధంగా పెళ్లాడారు. చూసి వచ్చారు, నచ్చింది, రెండువేల డాలర్లు అడ్వాన్సు కట్టారు. ఆ తర్వాత ఇద్దరూ ఏమవుతారని ఫోన్లో అడిగారు. తమ నిబంధన ప్రకారం పెళ్లంటే బైబిలులో చెప్పినట్టు ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదేనని నివాసం వాళ్లు జవాబిచ్చారు. 2019 జనవరిలో జిల్లా కోర్టు కేసు కొట్టేసింది. గృహవసతి చట్టం లింగం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది గానీ లైంగికత మాట అందులో లేదన్నది కారణం. 1968 నాటి ఆ చట్టంలో 'లింగం' అన్న పదం చేరిందే 1974లో. 2020 జూన్‌లో బోస్టాక్ కేసులో, స్వలింగ ప్రేమికుడన్న కారణంతో ఉద్యోగం తీసేయడం లింగ వివక్షే అవుతుందని సుప్రీంకోర్టు తేల్చాక, ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ కొట్టివేతను రద్దుచేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

ఇలా మొహం మీద 'కాదు' చెప్పడం అరుదు. 2014లో ఈక్వల్ రైట్స్ సెంటర్ అనే సంస్థ పది రాష్ట్రాల్లో 200 పరీక్షలు చేసింది. ఒకే వయసు, ఒకే ఆదాయం చెప్పుకునే ఇద్దరు ఒకే నివాసానికి విడివిడిగా ఫోను చేస్తారు. ఒకరు తన భర్తతో లేదా భార్యతో ఉండటానికని, ఇంకొకరు తనలాంటి స్త్రీతోనో పురుషుడితోనో ఉండటానికని అడుగుతారు. 96 పరీక్షల్లో, అంటే నూటికి 48 చోట్ల, స్వలింగ జంటకు తక్కువ మర్యాద దక్కింది. ఒకరికి నాలుగు ఖాళీలు చెప్పినచోట ఇంకొకరికి రెండు చెప్పడం, అద్దె ఎక్కువ చెప్పడం, అదనపు రుసుములు కలపడం, రాయితీ ఉన్న సంగతి మింగేయడం లాంటివి. ఎవరూ కసరలేదు, అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఫోను పెట్టేసిన మనిషికి తనకు అన్యాయం జరిగిందని తెలిసే అవకాశమే లేదు. ఫిర్యాదుల సంఖ్య చూసి వివక్ష లేదనుకునే ప్రభుత్వాలు గమనించవలసింది ఈ చిక్కునే.

లోపలికి అడుగుపెట్టాక మొదలయ్యే కష్టాలు ఇంకో రకం. ఇల్లినాయ్ రాష్ట్రం నైల్స్ పట్టణంలోని గ్లెన్ సెయింట్ ఆండ్రూ నివాసంలో మార్షా వెట్‌జెల్ 2014లో చేరారు. ముప్ఫై ఏళ్లు కలిసి బతికిన సహచరి పోయాక, ఆ సహచరి రక్తసంబంధీకులు ఇల్లు చేజిక్కించుకోవడంతో ఆమెకు నిలువ నీడ పోయింది. అంటే ఆమె ఆ గదికి వచ్చిందే ఒక ఇల్లు పోగొట్టుకుని. తనకు ఒక స్త్రీతో సంసారం ఉండేదని, ఇద్దరూ ఒక బిడ్డను పెంచారని తోటివాళ్లకు చెప్పాక తిట్లు, ఉమ్మడం, తన చక్రాల బండిని ఢీకొట్టడం మొదలయ్యాయని, ఫిర్యాదు చేస్తే యాజమాన్యం తననే భోజనశాలలో మూలకు నెట్టిందని ఆమె ఆరోపించారు. తోటి అద్దెదారులు చేసినదానికి యజమానిది బాధ్యత ఎలా అవుతుందన్నది కోర్టు ముందున్న ప్రశ్న. 2018 ఆగస్టు 27న ఏడో సర్క్యూట్ కోర్టు, జడ్జి డయాన్ వుడ్ రాసిన తీర్పులో, వేధింపు జరుగుతోందని తెలిసీ ఆపగల వీలుండీ ఆపకపోతే యజమాని గృహవసతి చట్టం కింద జవాబు చెప్పాలని తేల్చింది. వృద్ధాశ్రమంలో మనిషి పగలూ రాత్రీ ఉండేది ఆ గోడల మధ్యే. నచ్చకపోతే లేచి వెళ్లే ఓపిక గానీ ఇంకో చోటు గానీ ఉండదు. అందుకే ఎంతోమంది లోపలికి వెళ్లేటప్పుడే ఫొటోలు దాచేస్తారు, సహచరుణ్ని తమ్ముడని చెబుతారు. యాభై ఏళ్లు కష్టపడి బయటపడ్డ గదిలోకి చివరి అయిదేళ్ల కోసం మళ్లీ వెళ్లి తలుపేసుకోవడం అది.

ఈ అనుభవాల నుంచే వీళ్ల కోసం ప్రత్యేకంగా ఇళ్లు కట్టాలన్న ఆలోచన పుట్టింది. న్యూయార్క్‌లో 1978లో మొదలైన సేజ్ అనే సంస్థ ఇళ్లకు వెళ్లి వృద్ధులకు తోడుండే పనితో ఆరంభమై, తర్వాత కట్టడాల దాకా వచ్చింది. 2007లో హాలీవుడ్‌లో 104 ఇళ్లతో ట్రయాంగిల్ స్క్వేర్, 2013లో మినియాపోలిస్‌లో 46 ఇళ్లతో స్పిరిట్ ఆన్ లేక్ తెరిచారు. ఫిలడెల్ఫియాలో 2014లో 56 ఇళ్లతో తెరిచిన భవనానికి ఆ నగర కౌన్సిల్ సభ్యుడు జాన్ సి. యాండర్సన్ పేరు పెట్టారు. అదే ఏడాది షికాగోలో 79 ఇళ్లతో వచ్చిన టౌన్ హాల్ అపార్ట్‌మెంట్స్ వెనుక ఒక చమత్కారం ఉంది. అందులో కలిసిపోయిన పాత కట్టడం ఒకప్పటి పోలీసు ఠాణా. బార్ల మీద దాడులు చేసి స్వలింగ ప్రేమికుల్ని బండెక్కించిన పోలీసుల తరం నాటిది. బ్రూక్లిన్‌లో 2019 చివర తెరిచిన స్టోన్‌వాల్ హౌస్ 17 అంతస్తుల్లో 145 ఇళ్లు. కింది అంతస్తులో సేజ్ కేంద్రం నడుస్తుంది.

ఈ భవనాలకు ఒక తమాషా ఇబ్బంది ఉంది. వివక్షను నిషేధించే చట్టం రెండువైపులా కోస్తుంది. ప్రభుత్వ సొమ్మో పన్ను రాయితీయో తీసుకున్న చోట దరఖాస్తుదారుని లైంగికత అడగకూడదు, ఆ కారణంగా ఇవ్వకూడదు. కనుక ఇళ్లు వయసు, ఆదాయం చూసి లాటరీలో కేటాయిస్తారు. ఏ వాడలో కట్టారు, సమాచారం ఎవరికి ముందు చేరింది, ఉద్యోగులకు ఏం నేర్పారు అన్నవే భవనం స్వభావాన్ని నిర్ణయిస్తాయి. పైగా లెక్క చూస్తే ఇవన్నీ వందల్లోనే. ఎక్కువమంది ముసలివాళ్లు ఉన్న ఇంట్లోనే పోవాలనుకుంటారు, లేదా దగ్గర్లోని మామూలు నర్సింగ్ హోమ్‌కు వెళ్తారు. అందుకే కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టం మామూలు దీర్ఘకాల సంరక్షణ కేంద్రాల మీదే నిబంధనలు పెట్టింది. ప్రత్యేక భవనం కన్నా దీనివల్ల ఎక్కువమందికి మేలు. అయితే నిబంధనలు ప్రభుత్వాలతో పాటు ఊగుతాయి. ట్రాన్స్‌జెండర్లకు ప్రభుత్వ వసతి గృహాల్లో రక్షణ ఇచ్చిన 2016 నాటి నిబంధన అమలును ఫెడరల్ గృహనిర్మాణ శాఖ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది.

యూరప్‌లో బెర్లిన్ నగరం షార్లొటెన్‌బర్గ్‌లో 2012లో తెరిచిన లేబెన్స్‌ఓర్ట్ ఫీల్‌ఫాల్ట్‌లో 24 ఇళ్లతో పాటు మతిమరుపు జబ్బున్న పురుషులకు ఉమ్మడి సంరక్షణ గృహం కూడా కలిపారు. జ్ఞాపకం తప్పినవాళ్లు దాచుకోవడం కూడా మరచిపోతారు కాబట్టి ఇది ముందుచూపున్న ఏర్పాటు. స్టాక్‌హోమ్‌లో 2013లో, లండన్ వాక్సాల్‌లో 2021లో ఇలాంటివే వచ్చాయి. లండన్‌దానికి నగర మేయర్ 57 లక్షల పౌండ్ల రుణమిచ్చినా, వాటా కొనుక్కుని చేరే పద్ధతి కావడంతో పేదవాళ్లకు అందలేదన్న విమర్శ ఉంది. వీటన్నిటికన్నా ముందు మనీలాలో 1970లలో జస్టో జస్టో అనే పసాయ్ నగర కౌన్సిలర్ తన ఇంటినే వృద్ధ స్వలింగ ప్రేమికులకు తెరిచాడు. గోల్డెన్ గేస్ అని పేరు. 2012లో ఆయన పోగానే ఇల్లు కుటుంబానికి వెళ్లింది, అందులోని ముసలివాళ్లు వీధిన పడ్డారు. తర్వాత వేషాలు కట్టి ప్రదర్శనలిచ్చి కూడబెట్టుకుంటూ చాలా ఏళ్లకు మళ్లీ ఒక ఇల్లు అద్దెకు తీసుకోగలిగారు. మంచి మనసు మీద నిలిచిన ఇల్లు ఆ మనసున్న మనిషి ఆయుష్షు వరకే నిలుస్తుంది.

భారతదేశంలో అంగీకారంతో సాగే స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377వ సెక్షన్ పట్టు 2018 సెప్టెంబరు 6న వీడింది. ఆ రోజున అరవై నిండిన మనిషి ఊహ తెలిసిన జీవితం దాదాపు అంతా దాని కిందే గడిపాడు. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. దాని పర్యవసానం ఇంటి దగ్గర ఎలా ఉంటుందో తెలుగు రాష్ట్రాల్లో దశాబ్దాలపాటు అద్దెలను నియంత్రించిన 1960 చట్టం చూస్తే తెలుస్తుంది. అద్దెదారు చనిపోతే, అతనితో కలిసి కుటుంబంగా ఉంటున్న భార్య లేక భర్త, కొడుకు, కూతురు మాత్రమే అద్దెదారుగా కొనసాగుతారు. న్యూయార్క్ నిబంధనలోలాగా 'కుటుంబ సభ్యులు' అన్న వదులు మాట ఇక్కడ లేదు. బ్రాస్కీలాంటివాడు హైదరాబాదులో ఉంటే వాదించడానికి సందే దొరకదు. చట్టంలోని అద్దె పరిమితుల వల్ల ఇప్పటి ఇళ్లలో చాలావాటికి అది వర్తించదు కూడా. పదకొండు నెలల ఒప్పందమే అక్కడ శాసనం.

ఇక సొంత ఇల్లున్నవాళ్ల సంగతి. వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం వారసుల్ని వరసగా వెతుకుతుంది. తోబుట్టువులు, వాళ్ల పిల్లలు, దాయాదులు, ఎవరూ లేకపోతే చివరికి ప్రభుత్వం. ఆ పొడవాటి వరసలో సహచరుడి పేరు ఎక్కడా రాదు. కాబట్టి వీలునామా తప్పనిసరి. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు, రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుంది. కానీ అది స్వార్జితానికే నిక్కచ్చిగా పనికొస్తుంది. ముఖం చూడని మేనల్లుడు కూడా పోయాక కోర్టుకెక్కవచ్చు. బతికుండగానే దాన దస్తావేజు రాయొచ్చు గదా అంటే అక్కడ పన్ను కాచుకుని ఉంది. భర్త భార్యకు, అన్న తమ్ముడికి ఇస్తే ఆదాయపు పన్ను లేదు. స్టాంపు డ్యూటీలోనూ కుటుంబసభ్యులకు తగ్గింపు ఉంది. ముప్ఫై ఏళ్ల సహచరుడికి ఇస్తే ఇంటి విలువ 50 వేల రూపాయలు దాటగానే అంతా పుచ్చుకున్నవాడి ఆదాయం కింద లెక్క. ముందునుంచీ ఇద్దరి పేర్ల మీద కలిపి కొనుక్కోవడమే ఉన్న దారుల్లో తక్కువ చిక్కులది. అదీ ఎవరి సగం వాళ్ల వారసులకు పోకుండా ఇద్దరూ వీలునామాలు రాసుకుంటేనే.

వృద్ధుల పోషణ కోసం 2007లో చేసిన చట్టం పిల్లలు లేనివాళ్లకు 'బంధువు' మీద మనోవర్తి అడిగే హక్కు ఇచ్చింది. బంధువంటే చట్టబద్ధ వారసుడు. అన్నం పెట్టిన సహచరుడు ఆ నిర్వచనంలోకి రాడు. అదే చట్టంలోని 23వ సెక్షన్ మాత్రం పనికొచ్చేది. చూసుకోవాలన్న షరతు మీద ఎవరికి ఆస్తి రాసిచ్చినా, వాళ్లు చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దుచేయవచ్చు. అక్కడ పుచ్చుకునేవాడు బంధువే కానక్కర్లేదు.

హిజ్రాల విషయంలో లెక్క వేరు. పుట్టింట్లోంచి గెంటేస్తే ఇంకో ఇల్లు కట్టుకునే పద్ధతి వాళ్లకు తరాలుగా ఉంది. గురువు, చేలా, నాని గురువు అంటూ వావివరసలు, ఒకే కప్పు కింద వంట, సంపాదనలో వాటా, ముసలి గురువుకు చేలాల సేవ. హైదరాబాదు హిజ్రాల మీద మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి 2005లో ప్రచురించిన పుస్తకం షెహర్‌వాలా, లష్కర్‌వాలా అని అక్కడి రెండు ఇళ్ల కట్టుబాట్లను వివరంగా రికార్డు చేసింది. వృద్ధాప్య బీమా లాంటిదే ఈ ఏర్పాటు. ఆదర్శంగా చూపనక్కర్లేదు; చేలాకు బాకీలు, కట్టుబాట్లు, జరిమానాలు కూడా ఉంటాయి. అయినా చెయ్యగల వయసులో చేసినదానికి చెయ్యలేని వయసులో చోటు దొరుకుతుంది. న్యాయస్థానాలు ఈ వరసను అప్పుడప్పుడు గుర్తించాయి. గురుపరంపర బయటి మనిషికి ఒక హిజ్రా రాసిన వీలునామా ఆచారం ముందు నిలవదని 1990లో మధ్యప్రదేశ్ హైకోర్టు చెప్పింది. చనిపోయిన చేలా ఆస్తి గురువుకే చెందుతుందని 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తేల్చింది. గమనిస్తే ఈ తీర్పులు కత్తికి రెండువైపులు: ఇల్లు పరంపరలోనే ఉంటుంది, అయితే తన ఇల్లు తనకు నచ్చినవాళ్లకు ఇచ్చుకునే స్వేచ్ఛ పోతుంది.

రాజ్యం మాత్రం ఈ ఇళ్లను చాలాకాలం పోలీసు కళ్లతోనే చూసింది. హైదరాబాదు నగరంలోని హిజ్రాల పేర్లూ చిరునామాలూ రిజిస్టరులో ఎక్కించే నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం, అంటే 1919 నాటిది, వందేళ్లు పైన బతికి 2023 జులైలో తెలంగాణ హైకోర్టులో పడిపోయింది. వాళ్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా అదే తీర్పు ఆదేశించింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం కుటుంబంతో కలిసి ఉండే హక్కు ఇచ్చింది. కానీ కుటుంబమంటే రక్తం, పెళ్లి, చట్టబద్ధ దత్తత ద్వారా ఏర్పడిన బృందం అని నిర్వచించింది. గెంటేసిన ఇంట్లో ఉండే హక్కు దక్కింది, చేరదీసిన ఇల్లు నిర్వచనానికి బయట ఉండిపోయింది. 2020లో మొదలైన గరిమా గృహాలు ఈ దిక్కులేనితనానికి కేంద్రం చూపిన వసతి. వాటి మార్గదర్శకాల్లో అర్హత వయసు 18 నుంచి 60. అరవై దాటినవాళ్లు మామూలు వృద్ధాశ్రమానికే వెళ్లాలి. అక్కడ స్త్రీల వార్డు, పురుషుల వార్డు అని రెండే తలుపులు.

ఈ మధ్య కొన్ని కిటికీలు తెరుచుకున్నాయి. సుప్రియో తీర్పు తర్వాత కేంద్రం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2024లో స్వలింగ జంటలను రేషన్ కార్డుకు ఒకే ఇంటివాళ్లుగా చూడమని, ఉమ్మడి బ్యాంకు ఖాతాకూ నామినీకీ అడ్డు లేదని, దగ్గరి బంధువులు లేనప్పుడు సహచరుడి భౌతికకాయం తీసుకోనివ్వమని శాఖల నుంచి ఉత్తర్వులు వచ్చాయి. 2025 మే 22న మద్రాసు హైకోర్టు, పుట్టింటివాళ్లు నిర్బంధించిన ఒక యువతి కేసులో, కుటుంబం ఏర్పడటానికి పెళ్లొక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబం అన్న భావన న్యాయశాస్త్రంలో స్థిరపడిందని చెప్పింది. న్యూయార్క్‌లో 1989లో అద్దె ఇంటి గురించి అన్న మాటకు ఇది దగ్గరి చుట్టం. అయితే అది వ్యక్తి స్వేచ్ఛ కేసు, ఇంటి కేసు కాదు. రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా దాకా వచ్చిన ఆ వరసలో అద్దె హక్కు, వారసత్వం, దానం మీద పన్ను, గరిమా గృహాల వయసు పరిమితి చేరలేదు.